అరచేతి జ్ఞాపకము: సొత్తా, నిక్షేపమా?

మానవుడు ఒక వస్తువును సంపాదించినపుడు ‘ఇది నాది’ అని పలుకును. ఆ మాట పలుకుట సులభము; దాని హద్దు నిర్ణయించుట కష్టము. స్వర్ణకారుని ఇనుపపెట్టె స్వర్ణకారునిదే. కాని నగలు చేయుటకై ఊరివారు ఇచ్చిన బంగారము ఆ పెట్టెలో ఉన్నంత మాత్రమున అతనిది కాదు. పెట్టె అతని సొత్తు. బంగారము అతనియొద్ద ఉంచిన నిక్షేపము. పెట్టెను అతడు అమ్మవచ్చును, పగులగొట్టవచ్చును, మూలకు పడవేయవచ్చును. బంగారము విషయములో అతనికి అట్టి స్వేచ్ఛ లేదు. ఈ భేదమును ఎరుగనివారు లేరు. అయినను పెట్టెయు, బంగారమును కలిసి ఒకే వస్తువువలె కనిపించునపుడు భేదము మరుగున పడును. ఇరువదవ శతాబ్దపు చివర, చొక్కాజేబులో పట్టునంతటి ఒక చిన్న యంత్రము ఈ మరపునకు చక్కని ఉదాహరణమైనది. చేతి ఆర్గనైజరు అని దానికి పేరు.

పూర్వము ఇల్లాలికి జ్ఞాపకమునకై కొంగుముడి చాలెడిది. వర్తకునకు చిట్టా, ఆవర్జా ఉండెడివి. గృహస్థునకు గోడమీది క్యాలెండరులో పాలలెక్కయు, చాకలిపద్దును ఉండెడివి. ఇట్టి పనులను ఒక్కచోట చేర్చిన చేతియంత్రములలో విశేష జనాదరణ పొందినది 1996లో అమెరికాలో యు.ఎస్. రోబోటిక్స్ సంస్థ విడుదల చేసిన పైలట్. దాని రూపకర్తలలో ముఖ్యుడైన జెఫ్ హాకిన్స్, యంత్రమును నిర్మింపకముందే ఆ పరిమాణముగల కొయ్యముక్కను జేబులో ఉంచుకొని తిరిగెను. ఎవరైనను సమావేశమునకు సమయము అడిగినపుడు దానిని తీసి, దానిపై వ్రాయుచున్నట్లు అభినయించి, మనుష్యునకు నిజముగా కావలసినదేమో పరీక్షించెను. తరువాత వచ్చిన యంత్రములో ముఖ్యమైనవి నాలుగే: తేదీల పట్టిక, చిరునామాలు, చేయవలసిన పనులు, చిన్న చిన్న వ్రాతలు. చిన్న పుల్లవంటి కలముతో, గ్రాఫిటీ అను ఒక విధమైన లిపిలో, తెర అడుగుభాగమున వ్రాయవలెను. యంత్రమునకు తెలియుటకై మనుష్యుడే తన చేవ్రాతను మార్చుకొనవలసి వచ్చెను.

ఆ తొలి యంత్రముల తెర ఏకవర్ణము. రెండు చిన్న బ్యాటరీలతో అవి వారములకొలది నడచెడివి. 1999లో క్యాసియో సంస్థ ఈ-100 అను రంగుతెర యంత్రమును తెచ్చెను. 2000 ఫిబ్రవరిలో పామ్ సంస్థ తన మొదటి రంగుతెర ఆర్గనైజరును పామ్ త్రీ-సి అను పేర విడుదల చేసెను. ధర 449 డాలర్లు. నిలువునను అడ్డముగను 160 చుక్కలు గల తెర, 256 రంగులు, 8 మెగాబైట్ల నిలువశక్తి దాని లక్షణములు. చీకటిగదిలో అది దీపమువలె స్పష్టముగా కనిపించెడిది. ఆరుబయట ఎండలో మాత్రము అక్షరములు వెలవెలబోయెడివి. అంగడిలో కొని మార్చుకొను బ్యాటరీలకు బదులు, లోపలనే ఇమిడిన బ్యాటరీకి తరచుగా విద్యుత్తు ఎక్కించవలసి వచ్చెను. రంగు ఒకటి ఇచ్చి మరియొకటి తీసికొనినది.

అట్టి వస్తువును కొనుట ఆడంబరమా, అవసరమా అని మొదట ప్రశ్న పుట్టును. చిరునామా నలుపులోనున్నను, నీలములోనున్నను చిరునామాయే గదా అని కొందరందురు. ఈ వాదములో సత్యము గలదు, కాని అది సంపూర్ణము కాదు. చూపు మందగించిన వానికి వెలుగుతెర మేలు చేయును. అందమైన పనిముట్టుపై ప్రీతి కలుగుట దోషము కాదు; వడ్రంగి తన ఉలిపిడికి నగిషీ చెక్కించుకొనిన ఎవరు తప్పుపట్టుదురు? కాయకమునకు తోడ్పడునంతవరకు రంగు పనిముట్టులో భాగము. పదిమంది నడుమ జేబునుండి తీసి చూపుటకే అయినచో అది ఆభరణము. ఏది ఏదియో యజమాని అంతరంగమే ఎరుగును. ఈ ప్రశ్న ఇంతటితో తీరును. అంతకంటె లోతైనది రెండవ ప్రశ్న. పెట్టె ఎవరిదో తెలిసినది. లోపలి బంగారము ఎవరిది?

ఆ యంత్రములో నిండియున్నదేమి? రెండువందల మంది పేర్లు, ఫోను నంబర్లు, ఇంటి చిరునామాలు. ఒకరి పుట్టినరోజు. ఒకరి జబ్బు. ఒకరు ఇచ్చిన అప్పు. ఫలానావారము, ఫలానాగంటకు కలిసెదనని ఇచ్చిన మాట. వీనిలో యజమానికి మాత్రమే చెందినది మిక్కిలి స్వల్పము. ఫోను నంబరు ఇచ్చినవాడు దానిని దానము చేయలేదు. తనను పిలుచుటకై అప్పగించెను. తేదీల పట్టికలోని ప్రతి పంక్తికి ఇద్దరు హక్కుదారులు గలరు: వ్రాసికొన్నవాడు ఒకడు, ఎదురుచూచువాడు రెండవవాడు. కావున 449 డాలర్లు చెల్లించినవాడు కొన్నది పెట్టెను మాత్రమే. నిక్షేపమునకు వెల చెల్లింపబడలేదు. అది నమ్మకముతో వచ్చినది.

నిక్షేపము పట్టినవానికి మొదటి ధర్మము సంరక్షణ. పామ్ త్రీ-సిలో వ్రాసినదంతయు విద్యుత్తు ఉన్నంతకాలమే నిలిచెడిది. బ్యాటరీ పూర్తిగా ఇంకిపోయినచో పేర్లు, తేదీలు, మాటలు అన్నియు తుడిచిపెట్టుకొని పోయెడివి. అందుకే యంత్రమును ఒక పీఠముపై నిలిపి, మీట నొక్కి, ఇంటి కంప్యూటరులో ప్రతిని భద్రపరచు ఏర్పాటు కల్పింపబడెను. ఆ పని చేయని సోమరితనమునకు నష్టపడువాడు యజమాని ఒక్కడే కాడు. ఎచ్చటనో వేళకు వచ్చి నిలుచుండి ఎదురుచూచు మిత్రుడును నష్టపడును. ‘యంత్రము మరచినది’ అని చెప్పుట సమాధానము కాదు. జ్ఞాపకమును యంత్రమునకు అప్పగింపవచ్చును. మాట నిలుపుకొను బాధ్యతను అప్పగింప వీలులేదు.

రెండవ ధర్మము గోప్యత. ఆ దినములలో అమెరికాలో వైద్యులు అనేకులు ఈ యంత్రమును జేబులో ఉంచుకొనిరి. మందుల మోతాదులు చూచుకొనుటకై 1999లో వెలువడిన ఎపొక్రటీస్ అను ప్రోగ్రాము వారికి ఎంతయో తోడ్పడెను. అదే జేబులో, అదే యంత్రములో, రోగి పేరును అతని వ్యాధియు వ్రాసికొనినచో? అమెరికాలో 1996లో చేసిన హిపా చట్టము ననుసరించి, ఆరోగ్య వివరముల గోప్యతానియమములు 2003 ఏప్రిల్ నుండి వైద్యశాలలపై అమలునకు వచ్చెను. నియమము 2003లో అమలైనను ధర్మము అప్పుడు పుట్టినది కాదు. మంచమునొద్ద రోగి నోట విన్న మాటను బజారులో చెప్పరాదని వైద్యుడు ఎన్నడో ఎరుగును. కాగితమునుండి తెరమీదికి వచ్చినంత మాత్రమున ఆ మాట స్వభావము మారదు.

మూడవది విడిచిపెట్టునప్పటి ధర్మము. కొత్త యంత్రము వచ్చినపుడు పాతదానిని అమ్ముట, ఇచ్చుట లోకసహజము. స్వర్ణకారుడు పెట్టెను అమ్మునపుడు బంగారముతో కూడ అమ్మునా? పామ్ యంత్రము వెనుక ఒక చిన్న రంధ్రము ఉండెడిది. పవర్ మీటను నొక్కిపట్టి, ఆ రంధ్రములో సన్నని మొనతో నొక్కి, అడిగిన ప్రశ్నకు అంగీకారము తెలిపినచో లోపలిదంతయు తుడిచివేయబడెడిది. అర నిమిషపు పని. ఆ అర నిమిషమును వెచ్చింపనివాడు ఇతరుల ఇంటి తాళపుచెవులను తన పాత చొక్కాతోపాటు దానము చేసినవాడగును.

తుడిచివేయుటలోను వివేకము వలెను. చిరునామాల పట్టికలో మరణించినవారి పేర్లును ఉండును. యంత్రమునకు మరణము తెలియదు. ఆ పేరు అక్షరక్రమములో తన చోటనే నిలిచియుండును. ఒక పేరును తీసివేయబోయినపుడు పామ్ యంత్రము, నిజముగా తీసివేయవలెనా అని అడిగి, కంప్యూటరులో ఒక ప్రతిని దాచవలెనా అని కూడ అడిగెడిది. నిర్మాతలు దానిని సౌకర్యమునకై పెట్టిరి. అయినను తండ్రి పేరునొద్ద ఆ ప్రశ్న ఎదురైనవానికి అది సౌకర్యపు ప్రశ్నగా తోచదు. చేతిలో మోయనక్కరలేదు, పూర్తిగా పోగొట్టుకొననక్కరలేదు. ఇంటిలో భద్రముగా ఉంచుకొనవచ్చును. పిలుపునకు పనికిరాని నంబరును స్మరణకై దాచుకొనుట తప్పు కాదు.

పామ్ సంస్థను 2010లో హ్యూలెట్-ప్యాకార్డ్ కొనెను. మరుసటి సంవత్సరము ఆ పరికరముల తయారీ నిలిచిపోయెను. ఏ సొరుగులోనైన మిగిలిన రంగుతెర యంత్రము బ్యాటరీ ఇంకి, లోపల శూన్యమై యుండును. యజమాని తీర్చవలసిన ధర్మమును కాలమే తీర్చినది. కాని ప్రశ్న ఆ యంత్రముతో అంతరింపలేదు. నేడు ప్రతి చేతిలోను ఫోను గలదు. దానిలోని పేర్లు వందలు, వేలు. పామ్ యంత్రములోని చిరునామాలు పీఠము మీదుగా యజమాని ఇంటి కంప్యూటరునకు చేరెడివి. నేటి ఫోనులో ఏదో యొక ఆటయో, అప్పులిచ్చు ప్రోగ్రామో ‘మీ కాంటాక్టులు చూడవచ్చునా’ అని అడుగును. వ్రేలి కొనతో ‘సరే’ అని నొక్కుదురు. ఆ నొక్కుతో పినతల్లి నంబరు, గురువు నంబరు, పనిమనిషి నంబరు ఎరుగని చేతులకు చేరును. వారిలో ఒక్కరినైన ఎవరును అడుగలేదు.

నంబరే గదా, దానివలన ఏమి హాని అని కొందరు అడుగుదురు. ఊరికి పోవుచు పొరుగింటివారు మొక్కలకు నీరు పోయుటకై తాళపుచెవి ఇచ్చినచో, అది మొక్కలకొరకే. దొంగతనము జరుగలేదు గదా అని దానిని నలుగురికి పంచుట ఒప్పు కాదు. హాని జరిగినదా లేదా అనునది తరువాతి మాట. అప్పగించిన హద్దు దాటుటయే దోషము. భారతదేశములో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టము సైతము, ఒక వ్యక్తి తన సొంత పనులకును, గృహావసరములకును వాడుకొను వివరములకు వర్తింపదు. అనగా సామాన్య గృహస్థుని చేతిలోని నిక్షేపమునకు అంతఃకరణమే కావలి.

అట్లని ఎవరి పేరును వ్రాసికొనరాదనుట సరికాదు. ఇతరులను గుర్తుంచుకొనుటయు ధర్మమే. మరచుట సైతము ఒక విధమైన అపరాధమే. వ్రాసికొనవలెను, కాపాడవలెను, అవసరము తీరినపుడు తుడువవలెను, అడుగక ఇతరులకు ఈయరాదు. ఇంటిలో పిల్లవానికి మొదటి ఫోను కొనియిచ్చు తల్లిదండ్రులు దాని వెల ఎంతో చెప్పుదురు, పగులగొట్టవద్దందురు. అందులోని పేర్లు ఎవరివో కూడ ఆనాడే చెప్పుట మంచిది.