తల్లిదండ్రుల సేవను యంత్రానికి అప్పగించవచ్చా?

గుహలో చిక్కుకుపోయిన ముగ్గురు బాటసారుల వృత్తాంతం మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో అది ఉంది. వారిలో ఒకతను వృద్ధులైన తల్లిదండ్రులకు ఓ రాత్రి పాలు తెచ్చేసరికి వారు నిద్రపోయి ఉన్నారు. లేపడానికి అతనికి మనసు రాలేదు. కాళ్ళ దగ్గర సొంత పిల్లలు ఆకలితో ఏడుస్తున్నా, పాలగిన్నె పట్టుకుని తెల్లవారేదాకా అలాగే నిలబడ్డాడు.

ఈ వృత్తాంతాన్ని ముందుంచుకుని నేటి విషయం ఒకటి పరిశీలిద్దాం. జపాన్‌లో నూటికి దాదాపు 29 మంది 65 ఏళ్ళు పైబడినవారు. సేవ చేసే చేతులు చాలక అక్కడ యంత్రాల వైపు చూస్తున్నారు. రోగిని మంచం నుంచి ఎత్తి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టే ‘రోబేర్’ అనే మరయంత్రాన్ని 2015లో రికెన్ పరిశోధనా సంస్థ చూపించింది. అది ప్రయోగ దశ దాటలేదు. సీల్ అనే సముద్ర జంతువు పిల్లలా ఉండే ‘పారో’ మాత్రం 2005 నుంచి అమ్మకంలో ఉంది. నిమిరితే కళ్ళు ఆర్పుతుంది, కూత పెడుతుంది. మతిమరుపు వ్యాధితో కలతపడే వృద్ధులను శాంతపరచడానికి దాన్ని వాడుతున్నారు.

ఇలాంటి సాధనాలు వాడటం తప్పా? కాదు. ఊతకర్ర ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పైగా స్నానానికి, మరుగుకు పరాయి చేతుల మీద ఆధారపడిన తల్లి ఎంత సిగ్గుతో కుమిలిపోతుందో సేవ చేసినవారికి తెలుసు. ఆమె హయాను కాపాడే సాధనం దొరికితే అది అల్లాహ్ అనుగ్రహమే. మన ఇళ్ళలో బాధ్యత కొడుకుది, నడుము నొప్పి కోడలిది. ఆమెకూ అది ఊరట.

అయితే ఒక మాట ఆలోచించండి. పాలగిన్నెతో యంత్రం కూడా రాత్రంతా నిలబడగలదు. దానికి నిద్ర రాదు, కాళ్ళు లాగవు, ఏడ్చే పిల్లలు లేరు. నియ్యత్ అసలే లేదు. వెళ్ళి పడుకునే వీలుండీ పడుకోలేదు కాబట్టే ఆ కొడుకు సేవ అల్లాహ్ సన్నిధిలో స్వీకారం పొందింది. బనీ ఇస్రాయీల్ సూరా 23, 24 ఆయతులు మనపై విధించినది అన్నం, మందులతో తీరిపోయేది కాదు. విసుక్కోకుండా ఉండటం, మర్యాదగా మాట్లాడటం, అణకువతో మెలగటం, వారి కోసం దుఆ చేయటం కూడా అందులో ఉన్నాయి. వీటికి బదులు మనిషిని పెట్టలేం, యంత్రాన్ని అసలే పెట్టలేం.

రేపు ఇవి మన ఇళ్ళకూ రావచ్చు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు కొని పంపితే ఆ ఖర్చుకు సవాబ్ ఉంటుంది, ఇన్‌షా అల్లాహ్. కాని రోజూ ఫోనులో అతని గొంతు వినే హక్కు అమ్మీకి అలాగే ఉంటుంది. ఇంట్లో ఉన్నవారు తమను తాము ప్రశ్నించుకోవాలి: యంత్రం మిగిల్చిన గంట ఎక్కడికి పోతోంది? అది అమ్మీ మంచం పక్కన గడిస్తే యంత్రం మన ఖిద్మత్‌కు తోడైనట్టే. టీవీ ముందు గడిస్తే అమ్మీని యంత్రానికి వదిలేసినట్టే.

తల్లిదండ్రుల పక్కన ఓపికగా కూర్చునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.