పాత్రయందలి నిక్షేపము

గాంధారి ప్రసవించిన మాంసపిండమును వ్యాసభగవానుడు నూటొక్క ఖండములుగా విభజింపజేసి, నేతికుండలలో వేర్వేరుగా నుంచి కాపాడించిన కథ భారతము చదివిన తెలుగువారందరును ఎరిగినదే. ఆ కథను నేటి పిండసంరక్షణవిద్యకు పూర్వసాక్ష్యముగా జూపి గర్వించువారితో నేను ఏకీభవింపజాలను. కాని తల్లికడుపునకు వెలుపలనున్న పిండమును ఏ పాత్రయందు, ఎవరి పూచీపై నుంచవలెనను ప్రశ్న అక్కడను ఇక్కడను ఒక్కటియే.

1984లో మెల్బోర్న్ నగరమున, ఘనీభవింపజేసి దాచిన మానవపిండమునుండి తొలిశిశువు జన్మించెను. నాడు మెల్లమెల్లగా చల్లబరచెడివారు. నేడు మంచుపలుకు ఏర్పడుటకు వ్యవధియే యీయక ద్రవమును గాజువలె బిగియజేయు విట్రిఫికేషన్ పద్ధతియే ప్రబలముగా నున్నది. ఇందు వాడు పాత్రలు రెండు తెరగులు. తెరచిన పాత్రయైన క్రయోటాప్‌లో, అరమిల్లీమీటరు వెడల్పైనను లేని పలుచని ప్లాస్టిక్ పట్టీకొనపై, మైక్రోలీటరులో పదవవంతునకు మించని ద్రావణముతో పిండమును నిలిపి, −196 డిగ్రీల ద్రవనత్రజనిలో నేరుగా ముంచెదరు; నిమిషమునకు దాదాపు 23,000 డిగ్రీల వేగమున అది చల్లబడును. మూసిన పాత్రలో పిండమును సన్నని గొట్టమునందుంచి, కొనలను వేడితో అతికిన పిమ్మటనే ముంచెదరు. నత్రజని పిండమును తాకదు గాని, గోడ అడ్డుపడుటచే వేగము ఇంచుమించు సగమునకో, అంతకును తక్కువకో దిగును. ఈ మూత అనవసరమైన జాగ్రత్త యనలేము: లండనులో ఒక నత్రజనితొట్టియందు దాచిన ఎముకమూలుగ ద్వారా రోగులకు హెపటైటిస్-బి సోకినట్లు 1995లో వెల్లడియైనది. పిండములవలన అట్టి సంక్రమణము రుజువైన దాఖలా మాత్రము లేదు.

ఆ పిండమున జీవుడున్నాడా? శుక్రశోణితములు జీవునితో గూడి కుక్షిని జేరినపుడే గర్భమనుట చరకుని మతము. ఏడవమాసమున జీవసంయోగమగుననుట గర్భోపనిషత్తు మతము. పెద్దలే ఏకవాక్యముగా దేల్చని ఈ విషయము తేలువరకు మన ధర్మము ఆగియుండనక్కరలేదు. లోపలి వస్తువేమో చెప్పక పేటికలోనుంచి అప్పగించినదానిని, పుచ్చుకొన్నవాడు ఉన్నదున్నట్లు తిరిగి యీయవలెనని యాజ్ఞవల్క్యస్మృతి ఉపనిధిని గూర్చి శాసించినది. సొత్తు విషయముననే ఇంతటి నియమముండగా, సొత్తని పిలువ నోరాడని పిండము విషయమున దాచువాని బాధ్యత ఎంత అధికము! కావున తన సౌకర్యమును, వ్యయమును జూచి పాత్రను ఎన్నుకొను అధికారము వైద్యునికి లేదు. పిండములు సమానముగా బ్రతుకుచున్నచోట మూసిన పాత్రయే ధర్మ్యము. దానివలన నష్టము హెచ్చగుచో, శుద్ధిచేసిన నత్రజనితో తెరచిన పాత్రను వాడుటయే ధర్మ్యము. ఏది వాడినను ఆ సంగతి దంపతులకు దెలియజెప్పవలెను.

మన దేశమున 2021నాటి చట్టము పిండమును 10 సంవత్సరములకు మించి దాచనీయదు. గడువు తీరినపిదప నశింపనీయవలెను, లేదా దంపతుల సమ్మతితో పరిశోధనకీయవలెను. కనుక అంగీకారపత్రముపై చేవ్రాలు చేయుటకు ముందే, మా పిండమును ఏ పాత్రలో నుంచెదరని అడుగుడు. గడువునాటికి మీ యిష్టమేమో మీలో మీరు నిశ్చయించుకొనుడు.