పువ్వులోంచి తీసిన నీలం

సుజుకి హరునోబు చెక్క అచ్చుబొమ్మల్లో ఆకాశం, నీళ్లు చాలాచోట్ల ఇసుక రంగులో కనిపిస్తాయి. జపాన్ వాళ్లకి లేత రంగులంటే ఇష్టం కాబోలు అనుకునేదాన్ని. కాదట. అవి ఒకప్పుడు నీలం. వెలిసిపోయాయి.

1765 ప్రాంతంలో ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, బహురంగుల అచ్చులు మొదలైనప్పుడు ఆ నీలాన్ని తరచుగా ఒక పువ్వులోంచి తీసేవాళ్లు. పేరు త్సుయుకుస. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. మన చేలల్లో కలుపు కింద పీకి పారేసే వెన్నదేవికూరకి దగ్గర చుట్టం. ఎరుపు కుసుమ పువ్వుది. రెండూ కలిస్తే ఊదా. కాగితం మీద ఒక ఊదా పువ్వు పూయాలంటే రెండు పూల రసం కావాలన్నమాట.

ఈ బొమ్మల్లో సకురా అంటే క్షణికమనీ, ప్లమ్ అంటే చలిలోనే పూసే ధైర్యమనీ బోలెడు రాశారు. నన్ను ఆపేసింది వేరే విషయం. రాలిపోవడం గురించి చెప్పే బొమ్మని నిలవని రంగుతోనే అచ్చేశారు. వెలుతురు తగిలినకొద్దీ ఆ రంగు పాలిపోతుంది. హొకుసాయ్ అల ఇప్పటికీ నీలంగా ఉందంటే, అందులో ఉన్నది పువ్వు కాదు, బెర్లిన్‌లో పుట్టిన రసాయనం.

1921లో స్పాల్డింగ్ సోదరులు తాము సేకరించిన దాదాపు 6,500 అచ్చుబొమ్మల్ని బోస్టన్ లలితకళల మ్యూజియంకి ఇచ్చేస్తూ ఒక షరతు పెట్టారు: వీటిని ఎప్పుడూ ప్రదర్శనకి పెట్టకూడదు. వందేళ్లు దాటింది. నీలం నీలంగానే ఉంది.

చదవగానే ఒళ్లు మండింది. చవగ్గా కొనుక్కుని, చేతుల్లో తిప్పి, గోడకి అతికించి, చిరిగితే పారేసిన బొమ్మలు ఇవి. వాటికి ఈ జైలేమిటి?

కానీ హరునోబు నీలం నిజంగా ఎలా ఉండేదో నాకు తెలిసిందే ఆ పెట్టెల్లోంచి తీసిన ఫొటోల వల్ల. అవి లేకపోతే ఇసుక రంగునే పొగుడుకుంటూ ఉండేదాన్ని. అనిత్యంలో అందం ఉందనడం, చూసేసినవాళ్లకి సులువు. ఇంకా పుట్టనివాళ్ల వాటా నీలాన్ని మనం ఖర్చుపెట్టేసి, దానికి వేదాంతం పేరు పెట్టడం న్యాయమేనా?

అలాగని ఆ షరతుకీ తల ఊపలేను. ఎవరి కోసం దాస్తున్నామో, గోడ మీద చూసే రోజు వాళ్లకీ రాదు కదా. వాళ్ల పిల్లలకీ రాదు. మిగతా మ్యూజియాలు సాధారణంగా చేసేది నయమనిపిస్తుంది: కొన్నాళ్లు మసక వెలుతురులో పెట్టి, మళ్లీ ఏళ్ల తరబడి పెట్టెలో నిద్రపుచ్చడం. కొంత పోతుందని ఒప్పుకోవడం, ఎంత పోవచ్చో లెక్క వేసుకోవడం. (ఆ లెక్క వేసేదీ మనమే కాబట్టి మన వైపే కాస్త మొగ్గుతుందేమో.)

ఆ 6,500లో ఒక్కదాన్ని పది నిమిషాలు చూపిస్తామంటే వెళ్తానా? వెళ్తాను. లైటు కొంచెం తగ్గించమంటాను.