వాడటం లేదని ఎవరన్నారు?

ఒక వస్తువుని 'ఇక వాడటం లేదు' అని చెప్పే హక్కు ఎవరికుంది? నా ఉద్యోగంలో ఈ ప్రశ్న చాలా మామూలు వేషంలో వస్తుంది: సర్వర్లో డిస్కు నిండిపోయింది, ఏం తీసేద్దాం?

ఈ పనితో పరిచయం లేనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌ని చాలాచోట్ల కంటైనర్ ఇమేజ్‌గా పంపుతారు. ప్రోగ్రామూ, అది నడవడానికి కావలసిన లైబ్రరీలూ అన్నీ కలిపి కట్టిన మూట అది. మూట విప్పి నడిపిస్తే కంటైనర్. 2013లో డాకర్ వచ్చాక ఈ పద్ధతి ఊపందుకుంది. కొత్త వెర్షన్ వస్తే కొత్త మూట దిగుతుంది, పాత కంటైనర్ ఆగి కొత్తది మొదలవుతుంది. పాత మూట మాత్రం డిస్కు మీద అట్లాగే పడుంటుంది. ఒక్కోటి వందల మెగాబైట్లు ఉండొచ్చు. వారానికి రెండు అప్‌డేట్లు చేసే టీంలో కొన్ని నెలలు గడిస్తే, ఏదో ఒక అర్ధరాత్రి డేటాబేస్ రాసుకోవడానికి చోటులేక ఆగిపోతుంది.

అందుకే శుభ్రం చేసే పనిని యంత్రానికే అప్పజెప్తాం. డాకర్‌లో 'ఇమేజ్ ప్రూన్' అనే కమాండ్ ఉంది. మామూలుగా అది పేరు ఊడిపోయిన ఇమేజ్‌లనే తీసేస్తుంది. 'ఆల్' అని చేరిస్తే ఏ కంటైనరూ పట్టుకోని ప్రతి ఇమేజ్‌నీ తీసేస్తుంది. వాచ్‌టవర్ లాంటి టూల్‌కి ముందే చెప్పిపెడితే అప్‌డేట్ కాగానే పాతదాన్ని తుడిచేస్తుంది. కుబర్నెటిస్ అయితే, మనం మార్చకపోతే, డిస్కు 85 శాతం దాటాక మొదలుపెట్టి, వాడి ఎక్కువ కాలమైనవాటిని ముందు తీసేస్తూ 80కి దిగాక ఆపుతుంది.

నేను దీనికి వ్యతిరేకిని కాను. అన్నీ దాచాలనేవాళ్ల బిల్లు సాధారణంగా వేరేవాళ్లు కడుతుంటారు. మా జేజి అటక మీద ఏదీ తీసేయనిచ్చేది కాదు. "ఉండనీలే నాయనా, ఎప్పుడన్నా పనికొస్తాది" అనేది. ఆ అటక ఎక్కువగా ఎలకలకే పనికొచ్చింది.

నన్ను ఆపేది ఒక చిన్న వివరం. ప్రూన్ కమాండ్‌ని చేత్తో నడిపితే అది ఆగి అడుగుతుంది, నిజంగా తీసేయమంటారా అని. దాన్నే రోజూ రాత్రి దానంతటది నడిచేలా పెట్టాలంటే 'ఫోర్స్' అని చేర్చాలి, ఆ వేళకి జవాబు చెప్పడానికి ఎవరూ ఉండరు కాబట్టి. అంటే ఇంకా తయారు కాని ఇమేజ్‌ల గురించి కూడా మనం ముందే 'సరే' అనేశాం. ఆ లైన్ రాసినాయన ఉద్యోగం మారి వెళ్లిపోతాడు, లైన్ పనిచేస్తూనే ఉంటుంది. రేపు కావలసిందేదో పోతే, ఎవరు తీసేశారంటే చెప్పడానికి ఒక మనిషి పేరు దొరకదు.

ఇంకోటి 'వాడటం' అన్న మాట. ఆగిపోయిన కంటైనర్ ఒకటి పట్టుకునున్నా సరే, డాకర్ లెక్కలో ఆ ఇమేజ్ వాడుకలో ఉన్నట్టే. ఏదీ పట్టుకోకపోతే లేనట్టే. అదీ ఈ ఒక్క మెషీన్ మీద. పక్క సర్వర్లో అదే ఇమేజ్ నడుస్తోందని గానీ, కొత్త వెర్షన్ చెడితే వెనక్కి పోవడానికి ఇదే దిక్కని గానీ దానికి తెలీదు. 'ఇక్కడ ఎవరూ వాడటం లేదు' అని అది చెప్తే, మనం 'ఇక్కడ' అన్న మాట వదిలేసి వింటాం.

ఒక్కచోట నిలబడి చూసే ఆ చూపు ఎంత నమ్మదగిందో చెప్పడానికి మా కడపలోనే ఒక ఉదాహరణ ఉంది. సి.పి. బ్రౌన్ 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకి వచ్చాడు. తర్వాతి ఏళ్లలో అక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్నీ లేఖకుల్నీ పెట్టి ప్రతులు పోగుచేయించాడు. వేమనని అప్పటి పండితులు పెద్ద కవిగా లెక్కపెట్టలేదు. వాళ్ల పాఠాల్లో ఆయన 'రన్ అవుతూ' లేడు. అదే కాలంలో ఊళ్లల్లో జనం నోట నడుస్తూనే ఉన్నాడు. పండితుల మెషీన్ మీద ప్రూన్ కొడితే వేమన పోయేవాడే.

బ్రౌన్ 1829లో 693 వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. 1839 ముద్రణకి అవి 1,164 అయ్యాయి. ఒక్క మంచి ప్రతి దొరికితే అయ్యే పని కాదది. ఒక ప్రతిలో ఉన్న పద్యం ఇంకోదాంట్లో ఉండదు, ఉన్నా పాఠం వేరు. తప్పుల ప్రతులు, సగం ప్రతులు అన్నీ పక్కపక్కన పెడితేనే ఏది ఎక్కడ మారిందో తెలిసేది. 'లేటెస్ట్' ఒక్కటే ఉంచుకునే అలవాటున్నచోట ఆ పని మొదలే కాదు.

తాటాకుకి పురుగు పడుతుంది, తిరగరాయకపోతే గ్రంథమే పోతుంది. ఏది తిరగరాయాలి, ఏది వదిలెయ్యాలి అన్నది కూడా ప్రూనింగే, నిజమే. బ్రౌన్ కూడా ఏరాడు. కానీ అచ్చు వేశాక ప్రతుల్ని పారెయ్యలేదు. ఆయన సేకరణ చాలావరకు ఇప్పుడు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉంది. ఆయన ఏరిక నచ్చనివాళ్లు వెళ్లి చూసుకోవచ్చు.

పద్యానికీ ఇమేజ్‌కీ పోలికేంటి, ఇమేజ్‌ని మళ్లీ కట్టుకోవచ్చు కదా అంటారు. డాకర్‌ఫైల్ ఉంటే కట్టుకోవచ్చు, అదే వస్తుందని మాత్రం నమ్మకం లేదు. చెనిక్కాయ ఊరిమిండి ఎట్లా నూరాలో రాసిపెట్టుకున్నా, అంగట్లో మిరపకాయలు మారితే రుచి మారుతుంది. పునాది ఇమేజ్ మారి ఉంటుంది, ఏదో ప్యాకేజీ కొత్త వెర్షన్‌కి పోయి ఉంటుంది. రిజిస్ట్రీలో ఉంటుందిలే అనుకుందామా? 2020లో డాకర్ హబ్, ఉచిత ఖాతాల్లో ఆరు నెలలుగా ఎవరూ ముట్టని ఇమేజ్‌లను తీసేస్తామని ప్రకటించింది. తర్వాత వాయిదా వేసింది. మన డిస్కు మీద తుడిచేటప్పుడు అక్కడ ఉందిలే అనుకుంటాం. అక్కడివాళ్లు కావలసినవాళ్ల దగ్గర ఉండే ఉంటుందిలే అనుకుంటారు.

మేమిప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. సర్వర్లో చివరి మూడు వెర్షన్లు ఉంచుతాం, రిజిస్ట్రీలో తేదీతో సహా ఇంకా ఎక్కువ కాలం. రాత్రి నడిచే శుభ్రత తీసేసిన ప్రతి ఇమేజ్ పేరునీ ఒక ఫైల్లో రాస్తుంది, ఆ వారం దాని బాధ్యత ఎవరిదో పైన ఒక పేరుంటుంది. దాన్నెవరూ చదవరన్నా అని టీంలో కొత్తగా చేరిన అబ్బాయి నవ్వాడు. సోమవారాలు నేను చదువుతున్నాను. ఎక్కువగా నాకు గుర్తులేని పేర్లే ఉంటాయి.