పత్రిలో ఉమ్మెత్త

వినాయక చవితికి ముందురోజు మా మధురానగర్ రోడ్ల పక్కన పత్రి కట్టలు దిగుతాయి. ఇరవై ఒక్క ఆకుల్లో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నాయి. డ్రగ్స్ రూల్స్‌లో ఆయుర్వేద విషద్రవ్యాల జాబితా ఒకటి ఉంది, షెడ్యూల్ ఇ(1). ఈ మూడూ అందులోవే. మందుల షాపు నడిపేవాణ్ణి, ఆ జాబితా నాకు తెలుసు. ఏటా పూజ చేసుకునేవాణ్ణి, ఆ మంత్రాలూ తెలుసు.

పత్రి అంతా ఔషధమేననీ, అందుకే పెద్దలు పూజలో పెట్టారనీ ఈమధ్య అందరూ చెబుతున్నారు. నాకు ఆ మాట వింటే భయం. మా వీధిలో ఒక పెద్దావిడ, "బాబూ, ఆయాసానికి ఉమ్మెత్తాకు కషాయం కాచుకోనా? శివుడికి పెట్టేదేగా" అని అడిగారు. "వద్దమ్మా, డాక్టర్‌కి చూపించుకోండి" అన్నాను.

మరిగిస్తే విషం పోదు, నీళ్ళలోకి దిగుతుంది. ఉమ్మెత్తలోని అట్రోపిన్, హయోసయమిన్, స్కోపలమిన్ అనే ఆల్కలాయిడ్లు నరాల సంకేతాలు మోసే అసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుంటాయి. నోరెండిపోతుంది, చెమట ఆగి ఒళ్ళు కాలిపోతుంది, మనిషి ఎదురుగా లేనివాళ్ళతో మాట్లాడతాడు. ఏ కాయలో ఎంతుందో చూసి చెప్పలేం. 2020లో, కరోనా తొలిరోజుల్లో, చిత్తూరు జిల్లాలో రెండు కుటుంబాలవాళ్ళు టిక్‌టాక్ వీడియో నమ్మి ఉమ్మెత్త గింజల రసం తాగి ఆసుపత్రి పాలయ్యారు. చైనా వైద్యంలో ఉమ్మెత్త పువ్వు పేరు యాంగ్‌జిన్‌హువా. ఆయాసానికి, దగ్గుకు వాడతారు, కానీ మోతాదు 0.3 నుంచి 0.6 గ్రాములే. మన ఆయుర్వేదమూ శుద్ధి చేయనిదే ఉమ్మెత్త గింజను మందులో కలపదు.

అదే అట్రోపిన్, కొన్ని రకాల పురుగుమందులు తాగిన రైతుకు ప్రాణం పోస్తుంది. ఊపిరితిత్తుల్లో నీరు తగ్గేదాకా ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ ఇస్తారు. మరి ఉమ్మెత్త మందా, విషమా?

పూజ ఆ ప్రశ్న వేయదు. తులసికి ఎంత మర్యాదో ఉమ్మెత్తకూ అంతే, దాని వంతు రాగానే దాన్నీ స్వామి పాదాల దగ్గర పెడతాం. ఉండ్రాళ్ళు తింటాం, పత్రిని మాత్రం నీళ్ళలో కలిపేస్తాం. నా ఒంటికి పనికొస్తేనే పూజకు తగినదంటే, నేను మొక్కేది నా ఒంటికే. నన్ను చంపగలిగే ఆకు కూడా ఆయనదేనని ఒప్పుకోవడం నాకు తెలిసిన భక్తి. హాలాహలాన్ని శివుడు అమృతమని తాగలేదు, విషమని తెలిసే గొంతులో నిలుపుకున్నాడు.

పూజలో మా అబ్బాయి ఆకులు అందిస్తాడు. వాడికి ఆ మూడు విషపు ఆకుల్నీ విడిగా చూపించాను. ఉమ్మెత్త రసం అంటిన చేత్తో కన్ను నలుపుకుంటే కనుపాప విచ్చుకుపోతుందనీ, చేతులు కడుక్కున్నాకే ఉండ్రాళ్ళు ముట్టుకోమనీ చెప్పాను.