ఒడ్డుట, ఊరకుండుట, విడుచుట

పేకాట నీతివిచారమునకు తగిన విషయము కాదని పెద్దలు తలంతురు. మానవలసినదానిని గూర్చి చర్చ యెందుకని వారి వాదము. కాని మానుట ఎంత కఠినమో, అది ఏ క్షణమున కర్తవ్యమగునో పోకరు బల్లవద్ద తెలిసినంత స్పష్టముగా మరియొకచోట తెలియదు.

అమెరికాలో పెరిగిన ఆ యాటలో చిన్న పందెముల బల్లలు కలవు. అచ్చట ప్రతి పందెమునకు హద్దు ముందే నిర్ణయింతురు. వంతు వచ్చినవాడు పందెమొడ్డవచ్చును. ఎవరును ఒడ్డనిచో తానును ఊరకుండవచ్చును. ఎదుటివాడు ఒడ్డినచో అంత సొమ్ము తానును వేయవచ్చును, పెంచవచ్చును, లేదా ముక్కలు పడవేసి తొలగవచ్చును.

ఒకని చేతిలో రెండు ఇస్పేట్లు, బల్లపై అందరికి ఉమ్మడిగా తెరచిన నాలుగు ముక్కలలో రెండు ఇస్పేట్లు ఉన్నవనుకొందము. కడపటి ముక్క ఇస్పేటైనచో గెలుపు, కానిచో ఓటమి. వానికి కనబడని ముక్కలు 46. అందు ఇస్పేట్లు 9, తక్కినవి 37. నిలువవలెనన్న 4 డాలర్లు వేయవలెను. బల్లపై రాశి 24 డాలర్లున్నచో వేయుటయే న్యాయము: అట్టి ఘట్టములు 46 వచ్చినచో తొమ్మిదిసార్లకు 216 డాలర్లు వచ్చును, ముప్పదియేడుసార్లకు 148 పోవును. రాశి 12 మాత్రమే యైనచో 108 వచ్చి 148 పోవును. ముక్కలు అవియే, ఒకచోట నిలుచుట వివేకము, వేరొకచోట తొలగుట వివేకము. ఆ రాశిలో తాను ఇంతకుముందు వేసినదెంత యను ప్రశ్నకు ఈ లెక్కలో చోటు లేదు. వేసిన సొమ్ము ఇక తనది కాదు.

చిన్న బల్లవద్దనే దీనిని మరచుట సులభము. పెద్ద పందెము భయపెట్టి ఆలోచింపజేయును. చిన్నది, నాలుగు డాలర్లేకదా యనిపించి, చేజారును. అట్లని ప్రతిసారి విడుచువాడును వివేకి కాడు. వంతుచొప్పున వేయక తప్పని తొలి పందెములతోనే వాని సొమ్ము కరగిపోవును. బెదరింపు పందెము మాత్రమిచ్చట అంతగా చెల్లదు. 1944లో జాన్ వాన్ న్యూమన్, మోర్గెన్‌స్టెర్న్ తమ గ్రంథమున పోకరు యొక్క సరళరూపమును విచారించి, మిక్కిలి మంచి ముక్కలతోను, కొన్నిమార్లు మిక్కిలి చెడ్డవానితోను ఒడ్డి, నడిమివానితో ఊరకుండుట తగునని చూపిరి. అది తొలగగల ప్రత్యర్థి యున్నచోటి మాట. చిన్న బల్లవద్ద, ఏమున్నదో చూచిపోదమని ఎవడో ఒకడు సొమ్ము వేయును.

12 డాలర్ల రాశిని విడిచినవాడు, ఇతరుల కొరకు తెరచిన కడపటి ముక్క ఇస్పేటని చూచెననుకొందము. లోకము వానిని మూఢుడనును. నాకిది అన్యాయముగా తోచును. నిర్ణయమునకు సాక్షి ఆ క్షణమునందలి జ్ఞానమే గాని, తరువాతి ముక్క కాదు. గీత చెప్పినదియు ఇదియే యని తొందరపడరాదు: ఆటగాడు ఫలమును కాసు కాసుగా లెక్కించును, లెక్కించిన పిమ్మట వచ్చినదానిచే మాత్రము చలింపరాదు.

మన యితిహాసమునను ఈ విద్య కలదు. ఋతుపర్ణుడు తానిచెట్టును చూచి ఆకులకు, కాయలకు లెక్క చెప్పెను. వేదకాలపు పాచికలు ఆ తానికాయలే. అశ్వహృదయమునకు బదులుగా అతడు నలునకు అక్షహృదయము నొసగెను. అంతట కలి నలుని వీడెను. ఆ కథను బృహదశ్వుడు ధర్మరాజునకు అరణ్యమున చెప్పి ఆ విద్యయు నిచ్చెను. చాల ఆలస్యమైనది. తొలి జూదమున పోయినదంతయు ధృతరాష్ట్రుడు తిరిగి యిచ్చియుండెను. రాజ్యము చేత నున్నది, ఇంటిదారి ఎదుట నున్నది. విడుచుటకు అంతకంటె మంచి తరుణము ఏ జూదరికి దొరకును? మరల పిలువగా వచ్చి కూర్చుండెను. పిలిచినచో కాదనరాదను వ్రతము, పెద్దల ఆజ్ఞ అతని సమాధానములు. వానిని తేలికగా త్రోసివేయజాలను. లాభనష్టములు చూచి మాట నిలుపువాడు మాట నిలుపువాడు కాడు. కాని ఆ వ్రతము ద్రౌపదిది కాదు, అడవులపాలైనది ఆమెయు. తన సొమ్మైనచో నిలుచుటకు, విడుచుటకు తానే కర్త. ఇతరుల బ్రతుకు రాశిలో నున్నప్పుడు, విడువకుండుటకు తనకు హక్కు ఎక్కడిది?

విరాటుని కొలువున అతడు కంకుభట్టను పేర పాచికలాడుచునే యుండెను. గెలిచిన సొమ్మును రాజెరుగకుండ తమ్ములకు పంచియిచ్చెను.