వేటగాళ్లే కాపలాదారులైన ఊరు

అర్జెంటీనా ఈశాన్యాన కొర్రియెంతెస్ రాష్ట్రంలో, ఇబెరా సరస్సు ఒడ్డున కొలోనియా కార్లోస్ పెల్లెగ్రిని అనే చిన్న ఊరుంది. దగ్గరి పట్టణం మెర్సెదెస్ సుమారు 120 కిలోమీటర్ల దూరం. ఊళ్లో వీధులన్నీ ఇసుకే.

చుట్టూ పరుచుకున్న చిత్తడిలోకి ఏ పెద్ద నదీ వచ్చి చేరదు. పరానా నది పూర్వం పారి, దారి మార్చుకుని వదిలేసిన పల్లమిది. ఇందులో నిలిచేదంతా దాదాపు వాననీరే. అది కొర్రియెంతె నది గుండా నెమ్మదిగా జారి, ఒకనాడు ఈ నేలను విడిచిపోయిన పరానాలోనే కలుస్తుంది. మన కొల్లేరూ ఇబెరా సరస్సూ 2002లోనే అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కాయి. కానీ కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు ఉన్నాయి; ఇబెరాకు ఆకాశమే దిక్కు. నీటి మొక్కల వేళ్లు అల్లుకుని, మట్టి పట్టి, ఇక్కడ తేలే దిబ్బలు ఏర్పడతాయి. వాటి మీద చెట్లు సైతం మొలుస్తాయి. కాపిబారాలనే పెద్ద ఎలుకజాతి జంతువులు, కైమాన్ మొసళ్లు, చిత్తడి జింకలు వాటి మీదా, వాటి అంచుల్లోనూ తిరుగుతాయి.

1983లో రాష్ట్ర ప్రభుత్వం ఇబెరాను రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అప్పటిదాకా మరిస్కదోర్లనే వేటగాళ్లు పడవల్లో తిరుగుతూ తోళ్ల కోసం మొసళ్లనూ కాపిబారాలనూ చంపి బతికేవారు. కాపలాకు తీసుకున్నవారిలో కొందరు ఆ వేటగాళ్లే. ఈ ఊరి కథలో అన్నిటికన్నా లోతైన విషయం ఇదే. ఏ గట్టున మొసలి ఎండ కాగుతుందో, ఏ దిబ్బ మనిషి బరువు మోస్తుందో తెలియనిదే వేట సాగదు, కాపలా సాగదు. చంపడానికి నేర్చిన తెలివి, కాయడానికి కావలసిన తెలివి వేరువేరు కావు. మారింది బతుకుతెరువు. వేటగాడిని నేరస్థుడిగా చూసి తరిమేసి ఉంటే, తరతరాలుగా పోగైన ఆ ఎరుక అతనితోనే పోయేది.

జంతువుల సంగతి అంత సులువుగా తేలలేదు. కొర్రియెంతెస్‌లో జాగ్వార్ దశాబ్దాల కిందటే అంతరించింది. అమెరికాకు చెందిన ప్రకృతి పరిరక్షకులు డగ్లస్, క్రిస్ టాంప్‌కిన్స్ దంపతుల సంస్థ ఇక్కడ భూములు కొని, జాతీయ పార్కు కోసం ప్రభుత్వానికి ఇచ్చింది. 2007లో చీమలను తినే జెయింట్ యాంట్‌ఈటర్‌ను, 2021లో జాగ్వార్‌ను మళ్లీ ఈ నేలపై వదిలారు. ఆ మరుసటి ఏడే కరువు తోడై కార్చిచ్చు చెలరేగి, రాష్ట్రంలో లక్షల హెక్టార్లు తగలబడ్డాయి. మనిషి వేట మానినా, వానొక్కటే ఆధారమైన చిత్తడిని ఎండల నుంచి కాయడం ఏ కాపలాదారు చేతిలోనూ లేదు.